ఎన్ని రోజుల నుంచి జ్వరం

మే 12

బుజ్జులూ,

నువ్వు వెళ్ళి ఎనిమిది రోజులైంది. చేరానని నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను సరిగా మాట్లాడలేదని కోపం వచ్చి ఉంటుంది. అవతల నుంచి "అమ్మా, వింటున్నావా" అని నువ్వు అడుగుతూనే ఉంటావు. వింటూనే ఉంటాను. మాట రాదు. అందుకే ఇలా రాస్తున్నాను. ఐదో తరగతితో ఆగిపోయిన చదువు, తప్పులుంటే నవ్వుకో గానీ దిద్ది వెనక్కి పంపకు. కాగితాన్ని కూడా ఏమీ అనకు. మా మాస్టరు చొక్కాల కొలతలు గీసుకునే కాగితం ఇది. వెనక చంక గీత కనపడుతుంది.

దుకాణంలో యూనిఫాంల కాలం మొదలైంది. బడి తెరిచేలోపు రెండు బళ్ళకి ఇవ్వాలి. మాస్టరు కత్తిరిస్తాడు, మిషన్ల మీద ముగ్గురు కుడతారు, కాజాలూ బొత్తాలూ నావి. ముప్పై సైజు చొక్కాలు వస్తే పక్కన కూర్చునే ఆవిడ ఒళ్ళోకి తోసేస్తున్నాను. ఆవిడ నోరెత్తకుండా కుట్టి పెడుతోంది. నీ తమ్ముడు, మన పిచ్చుక పోయి పది నెలలైనా ముప్పై సైజు చొక్కా చేతిలోకి తీసుకోలేకపోతున్నాను. వాడు బతికుంటే ఈ ఏడు ముప్పై రెండు పట్టేదేమో.

నీ ట్రైనింగు ఎలా ఉంది? ఆసుపత్రుల లెక్కలు నేర్పుతారన్నావు. నాకొకటి చెప్పు. ఆ లెక్కల్లో పోయినవాళ్ళ కాగితాలు కూడా ఉంటాయా? మన ఊరి ఆసుపత్రివి ఉంటాయా? ఉంటే, అక్కడ మేము చెప్పి రాయించినవన్నీ అలాగే ఉంటాయా? ఊరికే అడుగుతున్నాను. తొందరేం లేదు.

తలంటుకుని తడి జుట్టుతో బయటికి పోకు. చలిగదుల్లో కూర్చుంటారంటున్నావు.

ఇట్లు, నీ రాక కోసం చూసే
అమ్మ


మే 19

అమ్మా,

ఉత్తరం అందింది. దిద్దలేదు, ఒట్టు. వెనక గీత చూసి మా గదిలో అమ్మాయి ఇదేదో చెరువు పటం అనుకుంది. చంక అని చెబితే నమ్మలేదు.

మేము ఎనిమిది మందిమి. పొడుగాటి గది, కిటికీలు తెరవరు. లోపలికి వెళ్ళేముందు ఫోన్లు పెట్టెలో వేసి తాళం వేస్తారు. ఐదు ఆసుపత్రుల్లో మూడేళ్ళుగా జ్వరంతో చేరినవాళ్ళ వివరాలు మా కంప్యూటర్లలో ఉన్నాయి. పేర్లుండవు. మనిషికొక వరుస. వయసు, ఆడా మగా, జ్వరం మొదలైన ఎన్ని రోజులకు వచ్చారు, రక్తం పరీక్ష ఎప్పుడు చేశారు, చివరికి ఏమైంది. చివరి గడిలో ఒకటి ఉంటే ఇంటికి వెళ్ళినట్టు. రెండు ఉంటే లేదు.

మాకు నేర్పే మేడం డాక్టరే, కానీ వైద్యం మానేసి ఈ లెక్కల్లోకి వచ్చారు. మొదటి వారం కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు. తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి, రోజూ సాయంత్రం మీకు తెలియనిది ఒకటి రాయండి అన్నారు. మాలో ఒకడున్నాడు, వాణ్ణి అందరం కళ్ళజోడు అంటాం. వాడు మొదటిరోజే "నాకు తెలియనిదేదో నాకు తెలియడం లేదు" అని రాశాడు. మేడం దాని కింద "నిజమే, రేపు ఇంకొకటి రాయి" అని రాసిచ్చారు.

ఇంకో పద్ధతి ఉంది. ఎవరి వంతుకు ఏ ఆసుపత్రి వస్తే వాళ్ళు లెక్కలు మొదలుపెట్టేముందు అక్కడి చీటీ కౌంటరు దగ్గర ఒక రోజంతా కూర్చోవాలి. "అంకె కంప్యూటర్లో పుట్టదు, ఎవరో నోటితో చెబితే పుడుతుంది. అది ఎలా చెబుతున్నారో విని రండి" అంటారు మేడం.

నా వంతుకు మన ఊరిది వచ్చింది. వంతుల చీటీ విప్పి చూసి మళ్ళీ మడిచేశాను.

నువ్వెందుకు అడిగావో నాకు అర్థమైందమ్మా. పోయినవాళ్ళవి కూడా ఉన్నాయి. మీరు చెప్పినవి చెప్పినట్టే ఉంటాయి. తెలిసినవాళ్ళ కోసం వెతకకూడదని మాతో సంతకం పెట్టించుకున్నారు, అయినా చూస్తాను. గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను. మధ్యాహ్నం దాకా కౌంటరు దగ్గర ఉండి ఇంటికొస్తాను.

నీ కూతురు


మే 27

బుజ్జులూ,

గురువారం ఒక పూట సెలవు పెట్టాను. మాస్టరు గొణిగాడు. "యూనిఫాంలప్పుడే మీ అందరికీ చుట్టాలొస్తారు" అన్నాడు. "చుట్టం కాదు, నా కూతురు" అన్నాను. వండి మూతపెట్టి గుమ్మంలో కూర్చున్నాను. మూడు బస్సులు పోయాయి. నాలుగో దానికి కూడా రాకపోతే లేచి, పాచిపోతుందని వండింది పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను.

పని పడి ఉంటుందిలే. అయినా ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వాడు పోయినప్పటి నుంచి నువ్వు నా మొహంలోకి చూసి మాట్లాడటం లేదు. గోడకో చెంబుకో చెబుతున్నట్టు చెబుతావు. నువ్వు హాస్టల్లో ఉండగా ఇదంతా జరిగింది, నువ్వొచ్చేసరికి వాణ్ణి గుడ్డలో చుట్టేశారు. "ఎప్పుడు తీసుకెళ్ళావు?" అని ఒక్కసారే అడిగావు. నేను జవాబు చెప్పేలోపే ఎవరో వచ్చి నన్ను పట్టుకుని ఏడిచారు. మళ్ళీ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

నన్ను చూడాలని లేకనే రాలేదేమో అనుకున్నాను. కాదంటే కాదని ఒక ముక్క రాయి.

దుకాణంలో కొత్త మిషను వచ్చింది, కాజాలు అదే కుడుతుందట. మాస్టరుకి దాని మీద నమ్మకం లేదు. "నీ చేతి కాజా పదేళ్ళుంటుంది, దీనిది పది నెలలు" అన్నాడు. నన్ను మెచ్చుకున్నాడో మిషన్ని తిట్టాడో తెలియలేదు.

అమ్మ


జూన్ 3

అమ్మా,

కాదు. నిన్ను చూడాలని లేక కాదు. ఆ రోజు పని ఎక్కువైపోయి కళ్ళజోడుని నా బదులు పంపాను. వాడు కౌంటరు దగ్గర కూర్చుని నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. అంతా సవ్యంగానే ఉందట. ఈ సంగతి మేడంకి చెప్పలేదు, నువ్వూ ఎవరితోనూ అనకు.

ఇప్పుడు అసలు మాట రాస్తాను. తిన్నగా కూర్చుని చదువు.

తమ్ముడి వరుస దొరికింది. పదమూడేళ్ళు, మగ, చేరిన తేదీ అదే, చివరి గడిలో రెండు. ఆ రోజు అక్కడ ఆ వయసువాడు వాడొక్కడే. జ్వరం మొదలై ఎన్ని రోజులు అన్న గడిలో "ఒకటి" అని ఉంది.

ఒక్క రోజమ్మా. జ్వరం వచ్చిన మర్నాడే నువ్వు వాణ్ణి తీసుకెళ్ళావు.

నేను పది నెలలుగా మనసులో ఏమనుకున్నానో నీకు తెలుసు, ఉత్తరంలో రాయనే రాశావు. యూనిఫాంల కాలం కదా, ఇవాళ రేపు అని వాయిదా వేసి ఉంటావని అనుకున్నాను. నిన్ను చూస్తే అదే గుర్తొచ్చేది. అందుకే గోడకీ చెంబుకీ చెప్పాను. గుండె మీద రాయి పెట్టుకుని తిరిగాను. ఒక చిన్న అంకె చూడగానే అది దిగిపోయింది. కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను. కళ్ళజోడు భయపడి మంచినీళ్ళు తెచ్చాడు. నన్ను క్షమించు.

ఇంకొకటి. మిగతా నాలుగు ఆసుపత్రుల్లో ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఎక్కువ పోయారు, అది మామూలే. మన ఊళ్ళో తిరగబడింది. ఐదారు రోజులకు వచ్చినవాళ్ళు బాగానే ఇంటికి వెళ్ళారు, ఒక్క రోజుకే వచ్చినవాళ్ళు పోయారు. ఎందుకో కనిపెట్టాలి. మర్నాడే వచ్చినవాళ్ళని అక్కడ ఎవరూ పట్టించుకోవడం లేదని నా అనుమానం. మామూలు జ్వరమేలే అని మూల మంచం మీద పడేస్తున్నారు. వదలను.

నీ కూతురు


జూన్ 9

బుజ్జులూ,

నీ ఉత్తరం దుకాణానికి తీసుకెళ్ళి భోజనం వేళ చదివాను. మళ్ళీ మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

నన్ను క్షమించమని అడగొద్దు. ఎప్పుడూ అడగొద్దు.

ఆ వరుసని అలా ఉండనీ. నీ చదువు నువ్వు చదువుకో. పెద్ద పెద్ద డాక్టర్ల సంగతి మనకెందుకు. వెతకకూడదని సంతకం పెట్టినప్పుడు వెతకడం తప్పు కదా, మేడంకి తెలిస్తే నీకు మాట వస్తుంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. దుకాణం ముందు నీళ్ళు నిలిచి, గుడ్డ థానులన్నీ బల్ల మీదికి ఎక్కించాం. పక్కన కూర్చునే ఆవిడ కూతురికి ఆడపిల్ల పుట్టింది. తెల్లగా ఉందట, ముక్కు మాత్రం మామగారిదట. ఆవిడకి అదొక్కటే బాధ. ఇంకేం రాయాలో తెలియడం లేదు. చేతులు బాగానే ఉన్నాయి, కళ్ళే కాస్త మసకగా ఉంటున్నాయి.

అమ్మ


జూన్ 20

అమ్మా,

నువ్వెప్పుడూ ఇంతే. ఎవరినీ ఏమీ అనవు. బస్సులో నీ కాలు తొక్కినవాడికి కూడా నువ్వే జరిగి చోటిస్తావు. నీ పిల్లాణ్ణి మూల మంచం మీద పడేసినా "మనకెందుకు" అంటావు.

నేను ఊరుకోలేదు. మొన్న ఆసుపత్రి పెద్దలతో కూర్చున్నప్పుడు నా పటం చూపించాను. ఐదు గీతల్లో నాలుగు పైకి వెళ్తున్నాయి, మన ఊరి గీత ఒక్కటే కిందికి వస్తోంది. మేడం లేచి "ఇది అనుమానం మాత్రమే, ఇంకా కారణం తెలియదు" అని రెండుసార్లు చెప్పారు. కానీ మన ఆసుపత్రి సూపరింటెండెంటు మొహం మాడిపోయింది. చేరినవాళ్ళని మొదట చూసేదెవరు, ఎవరిని ముందు పంపాలో తేల్చేదెవరు అని అక్కడికక్కడే ఫోన్లో ఆరా తీశాడు. ఒక నర్సు అట. పొడుగ్గా ఉంటుందట. ఆవిణ్ణి మర్నాడే డ్యూటీ నుంచి ఆపి విచారణ వేశారు.

నాకు జాలి కలగలేదు. రాస్తున్నాను, ఏమనుకుంటావో అనుకో.

మేడం మాత్రం నన్ను పక్కకు పిలిచి "కౌంటరు దగ్గర నువ్వేం విన్నావు?" అని అడిగారు. కళ్ళజోడు రాసుకొచ్చినవే నావిగా చెప్పాను. తలూపారు. మళ్ళీ అదే అడిగారు. మళ్ళీ అదే చెప్పాను. అక్కడ కూర్చున్నట్టు నోటుపుస్తకంలో సంతకం కూడా పెట్టాను.

తమ్ముడికి మనం ఇంతకన్నా ఏం చేయగలం. నీకు కాస్తయినా శాంతిగా ఉందా? రాయి.

నీ కూతురు


జూన్ 26

బుజ్జులూ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇది నాలుగోది. దీన్నిక చింపను.

నిన్న మా దుకాణానికి ఒకావిడ వచ్చింది. రెండు తెల్ల కోట్లు కుట్టమని పదిహేను రోజుల కిందట ఇచ్చి వెళ్ళిందట. ఆవిణ్ణి చూసి మాస్టరు "శనివారం ఇస్తానన్నాగా తల్లీ, ఇవాళేంటి" అన్నాడు.

"కుట్టొద్దండీ. ఆపేయండి."

"కత్తిరించి కుట్టేస్తున్నాం కదా. ఇప్పుడు ఆపమంటే ఆ గుడ్డ ఇంకెవరికి సరిపోతుంది? మీ ఒడ్డూ పొడుగూ ఎవరికుంది?"

"మీ దగ్గరే ఉంచండి. ఇప్పుడు నాకు డ్యూటీ లేదు."

"బదిలీనా?"

"కాదు, విచారణ. ఎందుకో నాకే తెలియదు. కంప్యూటర్లో వచ్చిందట, నేను సరిగా చూడక పిల్లలు పోయారని."

అప్పుడు తలెత్తి చూశాను. పిచ్చుకని మంచం మీద పడుకోబెట్టిన పొడుగు నర్సమ్మ. నన్ను ఆనవాలు పట్టలేదు. ఆవిడ కోటే నా ఒళ్ళో ఉంది. మూడో కాజా కుడుతున్నాను. సూది కదల్లేదు.

బుజ్జులూ, పిచ్చుకకి జ్వరం ఒక్క రోజు కాదు. నాలుగు రోజులు.

మంగళవారం సాయంత్రం బడి నుంచి వస్తూనే పడుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. మందుల షాపతను మాత్రలిచ్చాడు. వేస్తే దిగింది, మళ్ళీ వచ్చింది. బుధవారం వెళ్దాం అనుకున్నాను, గురువారం అనుకున్నాను. ఆ ఏడు గుడ్డ ఆలస్యంగా వచ్చింది, శనివారానికి బడివాళ్ళకి చొక్కాలు అందాలి, కాజాలు కుట్టేది అప్పటికి నేనొక్కదాన్నే. "నువ్వు పనికెళ్ళమ్మా, నేను పడుకుంటాలే" అన్నాడు వాడు. శుక్రవారం జ్వరం పూర్తిగా దిగింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. ఆ రోజంతా నిశ్చింతగా కూర్చుని కుట్టాను. శనివారం పొద్దున లేపితే నిలబడలేకపోయాడు. కాళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. అప్పుడు తీసుకెళ్ళాను. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పోయాడు. నువ్వు అనుకున్నదే నిజం.

ఒక్క రోజని ఎలా వచ్చిందో కూడా చెబుతాను. చీటీ రాయించుకునే వరుసలో నిలబడ్డాం. అక్కడి ఆయా మంచిది, అందరినీ కనిపెట్టి చూస్తుంది. "ఎన్నాళ్ళైంది?" అని అడిగింది. నాలుగు రోజులన్నాను. "అలా అనకు, నిన్నటి నుంచి అను. నాలుగంటే డాక్టరు పిల్లాణ్ణి చూడడం మానేసి నిన్ను తిడతాడు. ఇందాక ఒకావిణ్ణి అందరి ముందూ నిలబెట్టి, నువ్వు తల్లివేనా అని అడిగాడు" అంది. నా ముందున్న ఆవిడ భుజం మీద పిల్ల తల వాలేసి ఉంది. ఆవిడ "నిన్నటి నుంచి" అంది. నేనూ "నిన్నటి నుంచే" అన్నాను. నా వెనకావిడా అంతే. కాస్త దూరంలో ఒక పిల్లవాడు బెంచీ ఎక్కి గంతులేస్తున్నాడు. వాళ్ళమ్మ మాత్రం "ఆరు రోజుల నుంచండీ, వస్తోంది పోతోంది" అని ధైర్యంగా చెప్పింది. ఆవిడకి దాచాల్సిన పనేముంది.

నీ గీత ఎందుకు తిరగబడిందో నాకు చదువు లేకపోయినా అర్థమైంది. పిల్లలు బాగున్నవాళ్ళు నిజం చెప్పారు. పిల్లల్ని ఆలస్యంగా, చేతుల్లో వాలిపోయాక తెచ్చినవాళ్ళం అబద్ధం చెప్పాం. నీ లెక్కలో మర్నాడే వచ్చినవాళ్ళుగా ఉన్నది మేమే. తప్పు ఆ నర్సమ్మది కాదు.

జూన్ 3 నాటి నీ ఉత్తరం వచ్చినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పది నెలల తర్వాత నువ్వు నన్ను మళ్ళీ అమ్మలా చూశావు. కొన్నాళ్ళు అలా ఉండనిద్దాం అనుకున్నాను. ఆ కొన్నాళ్ళకి ఆవిడ ఉద్యోగం పోయేలా ఉంది.

మేడంకి చెప్పు. నా పేరు చెప్పినా సరే.

నిన్నొకటి అడుగుతాను. లెక్కలు చదివినదానివి, నువ్వే చెప్పాలి. నాలుగు రోజులని నేను నిజం చెప్పి ఉంటే వాడికి ఆ శనివారమే రక్తం పరీక్ష చేసేవాళ్ళా? వాడు ఉండేవాడా? నన్ను ఊరడించాలని చూడకు. ఉన్నది రాయి.

అమ్మ


జూలై 8

బుజ్జులూ,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. రాకపోవచ్చనే అనుకున్నాను.

రేపటికి ఏడాది.

కోట్లు రెండూ కుట్టి పూర్తి చేశాను. "ఆవిడ వద్దంది కదా" అన్నాడు మాస్టరు. "నా తృప్తికి" అన్నాను. ఆర్డరు పుస్తకంలో ఇంటి గుర్తులు చూసి నేనే పట్టుకెళ్ళాను. రెండు గదుల ఇల్లు. తలుపు తీసి, కోట్లు చూసి, "వద్దని చెప్పానే" అంది. నేను ఫలానా పిల్లాడి తల్లినని చెప్పాను. కూర్చోమంది. నిలబడే అంతా చెప్పాను. ఆయా మాట, నా మాట, ఆ లెక్క చేసింది నా కూతురేనని కూడా.

స్టవ్ మీద పాలు పొంగుతుంటే వెళ్ళి కట్టేసి వచ్చింది. అప్పుడంది. "మీ అబ్బాయి కాళ్ళు ముట్టుకుంటే ఒక్క రోజు జ్వరంలా లేదమ్మా. నాకు అనుమానం వచ్చింది. చీటీలో ఒకటి అని ఉంది. మిమ్మల్ని మళ్ళీ అడగాలనుకున్నాను. ఆ పూట నాకు ముప్పై ఎనిమిది మంది. అడగలేదు."

ఆవిడ కోట్లు తీసుకోలేదు గానీ గుమ్మం దాకా వచ్చి "వాన పట్టేలా ఉంది, తొందరగా వెళ్ళండి" అంది.

శుక్రవారం ఆసుపత్రిలో విచారణ ఉందట. వెళ్ళి నాకు తెలిసింది చెబుతాను. నీకు తలవంపులు అనుకుంటే ఇప్పుడే రాయి, నీ పేరు ఎత్తను.

అమ్మ


జూలై 16

అమ్మా,

నీ రెండు ఉత్తరాలూ నా దగ్గరున్నాయి. మొదటిది చదివి నాలుగు రోజులు మంచం దిగలేదు. అబద్ధం చెప్పను, నీ మీద కోపంతోనే. ఆలస్యం చేసినందుకు కాదు. ఆ ఒక్క రోజు పట్టుకుని నేను సంతోషపడుతుంటే చూస్తూ ఊరుకున్నావే, అందుకు.

ఐదోరోజు నా సంగతి గుర్తొచ్చింది.

మే నెలలో ఆ గురువారం నాకు పనేమీ లేదమ్మా. బస్సెక్కాను. మన ఊళ్ళో దిగాను. ఆసుపత్రి గేటు దాకా వచ్చాను. లోపలి నుంచి ఫినాయిలు వాసన తగలగానే కాళ్ళు ముందుకు సాగలేదు. రోడ్డు అవతల టీ కొట్టులో గంట కూర్చుని వెనక్కి వెళ్ళే బస్సెక్కాను. నువ్వు గుమ్మంలో కూర్చుని ఉంటావని తెలుసు. ఆ మొహంతో రాలేకపోయాను. మర్నాడు కళ్ళజోడుని బతిమాలి పంపాను. వాడు కౌంటరు లోపల క్లర్కు పక్కన కూర్చున్నాడు, బయటి వరుసలో ఆయా ఏం చెబుతోందో వాడికి వినపడలేదు. నేను వెళ్ళి ఉంటే ఒక్క పూటలో వినేదాన్ని. ఆవిడ మీదికి ఇదంతా వచ్చేది కాదు.

మేడంకి మొత్తం చెప్పాను. తమ్ముణ్ణి వెతికానని, కౌంటరుకి వెళ్ళలేదని, దొంగ సంతకం పెట్టానని. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. నోటుపుస్తకం తీసుకుని ఆ సంతకం దగ్గర తెరిచి చాలాసేపు చూశారు. "నువ్వేం విన్నావని రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగాల్సింది. నా తప్పు కూడా ఉంది" అన్నారు. ఆ రోజే మన ఆసుపత్రికి ఉత్తరం రాశారు, ఆ పటం వెనక్కి తీసుకుంటున్నామని. నన్ను ఆ గదిలోకి రావొద్దన్నారు. సర్టిఫికెట్ ఉండదు. "ఈ పని నీకు రాదని కాదు. ఈ లెక్కలు మాత్రం నువ్వు చేయకూడదు" అన్నారు. పోయేముందు చేయాల్సింది ఒకటి మిగిలిందని, మూడు రోజులు కౌంటరు దగ్గర కూర్చుని రమ్మన్నారు.

గురువారం నుంచి శనివారం దాకా మన ఊళ్ళోనే ఉన్నాను. ఇంటికి రాలేదు. రాలేకపోయాను. కోపంతో కాదు, అది ఇంకొకటి. దానికి పేరు లేదు.

నువ్వు అడిగింది. మేడంకి చెప్పకముందే అన్నీ తిరగేసి చూశాను. ఈ జ్వరంలో నాలుగో రోజూ ఐదో రోజూ ప్రమాదమట, దిగినట్టే దిగి లోపల నష్టం చేస్తుందట. నాలుగు అని చీటీలో ఉన్నవాళ్ళకి ఎక్కువమందికి అదే రోజు రక్తం పరీక్ష చేశారు. ఒకటి అని ఉన్నవాళ్ళకి మర్నాడు. అంతవరకు నిజం. ఆ రోజే చేసినవాళ్ళలో కూడా కొందరు పోయారు. తమ్ముడు ఏ వైపు ఉండేవాడో ఏ లెక్కా చెప్పదు. నాకు తెలియదమ్మా. నిన్ను ఊరడించడానికి రాయడం లేదు. తెలియదు, అంతే.

నీ కూతురు


జూలై 20

బుజ్జులూ,

తెలియదని రాశావు. ఏడాది నుంచి అందరూ నాకు తెలిసినట్టే చెబుతున్నారు. వాడి రాత అన్నవాళ్ళు కొందరు, ముందే తీసుకెళ్ళాల్సింది అన్నవాళ్ళు కొందరు. తెలియదన్నది నువ్వొక్కదానివే. దానితో ఎలా బతకాలో నేర్చుకుంటాను. తేలికేం కాదు.

ఆ శుక్రవారం విచారణకి వెళ్ళాను. ముగ్గురు కూర్చున్నారు, ఒకతను రాసుకుంటున్నాడు. "మీ అబ్బాయికి ఎన్ని రోజుల నుంచి జ్వరం?" అని అడిగారు. నాలుగు అన్నాను. "చీటీలో ఒకటి అని ఉందే?" అన్నారు. నేనే అలా చెప్పాను అన్నాను. ఎందుకు చెప్పావని అడుగుతారేమోనని ఒళ్ళంతా బిగబట్టుకున్నాను. అడగలేదు. రాసుకున్నాయన నాలుగు అని రాసి, కింద గీత గీశాడు. ఏడాది తర్వాత నిజం ఒక కాగితం మీదికి వచ్చింది. ఆయా పేరు నేను చెప్పలేదు. ఆవిడ మంచికే చెప్పింది. నర్సమ్మని మళ్ళీ డ్యూటీలోకి తీసుకుంటారట, కానీ ఆవిడే వేరే చోటికి పంపమని అడిగిందట.

బయటికొస్తూ నిన్ను చూశాను.

కౌంటరు పక్కన చిన్న స్టూలు మీద కూర్చున్నావు, కళ్ళజోడులా లోపల కాదు, బయట, వరుస వైపు. ఒళ్ళో నోటుపుస్తకం. ఒకావిడ బిడ్డని భుజాన వేసుకుని "నిన్నటి నుంచి" అంది. నువ్వు లేచి ఆవిడ చెవి దగ్గర అడుగుతున్నావు. "నిజంగా ఎన్ని రోజులమ్మా? ఎవరూ తిట్టరు, నేనిక్కడే ఉంటాను." ఆవిడ నీ మొహం చూసి, ఏడుస్తూ ఐదు వేళ్ళు చూపించింది. నువ్వు ఆవిణ్ణి వరుసలోంచి తప్పించి లోపలికి తీసుకెళ్ళావు.

నేను స్తంభం పక్కన నిలబడ్డాను. ఆయా వచ్చి "ఎవరికమ్మా జ్వరం?" అంది. ఎవరికీ లేదన్నాను. ఆవిడకి నేను గుర్తులేను. నిన్ను పిలుద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఊరికి వచ్చి కూడా ఇంటికి రాలేదంటే రాలేవనే కదా, రాలేనిదాన్ని పట్టుకుని లాగడం ఎందుకని వచ్చేశాను. నీకు కనపడకుండానే వచ్చాను.

నీ మెడ దగ్గర ఎముకలు తేలాయి. జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. నా కొలత తప్పదు, రెండంగుళాలు తగ్గావు. మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాను, నువ్వు ఒక్కసారి కూడా తినడానికి లేవలేదు. పక్కన క్లర్కు టిఫిన్ డబ్బా తెరిచి నీ వైపు జరిపితే వద్దని చెయ్యి ఊపావు.

నా మీద కోపం ఉంటే ఉండనీ. ఇంటికి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రా. ఉత్తరాలు రాసినా సరే, రాయకపోయినా సరే. ఇది చదివాక కాగితం పక్కన పెట్టి లేచి వెళ్ళి అన్నం పెట్టుకో. రెండు పూటలా కడుపునిండా తిను.

అమ్మ